సీటు కింద సిలిండరు



రేపు బడికి వచ్చేటప్పుడు మీరెక్కే జీపునో, ఆటోనో, వ్యానునో ఒకసారి పరీక్షగా చూడండి. ముందు అద్దం మీద రాసిన దేవుడి పేరు కాదు, వెనక సీటు కింద చూడండి. అక్కడ గోనెపట్టా కప్పుకొని ఒక ఎర్ర సిలిండరు, అచ్చం మీ వంటింట్లో ఉండేలాంటిదే, అడ్డంగా పడుకొని ఉందనుకోండి. మీరేం చేస్తారు?

జవాబు చెప్పడానికి తొందర లేదు. ముందు కొంచెం రసాయనశాస్త్రం, కొంచెం భౌతికశాస్త్రం, కొన్ని కూడికలూ తీసివేతలూ చూద్దాం. ఇవన్నీ బడిలో మీకు చెబుతున్నవే. వాటిని జీపు దగ్గరికి తీసుకుపోవడమే మనం చేసే కొత్త పని.

జీపు కథ

మాది అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం. ఆ సగటు కూడా కాగితం మీద కనిపించినంత నమ్మకంగా ఆకాశంలో కనిపించదు. వానొస్తే బుడ్డలు (మీ వైపు వేరుశనగ అంటారేమో), రాకపోతే అప్పు. ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు, ఇసుక వంకలు.

నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు సేద్యం చేసుకుంటున్న ఒకతనికి పాత పెట్రోలు జీపు ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. మామూలు బళ్లలో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది, మిగిలిన రెండూ వాటి వెంట దొర్లుతాయి. ఆ రెండూ ఇసుకలో దిగబడితే బండి అక్కడే ఆగిపోతుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి హగరి ఇసుకలోనూ, గుట్టదారిలోనూ పట్టు దొరకబుచ్చుకొని బయటపడుతుంది. ఎరువుల మూటలూ, డ్రిప్పు పైపులూ తోటకు చేరవేయడానికి అతనికి ఆ జీపే ఆధారం. కాని అది పెట్రోలు బాగా తాగుతుంది.

ఒక సాయంత్రం బడి గేటు దగ్గర నన్ను ఆపాడు.

"సార్, పెట్రోలు పోసి పోసి అలసిపోయినాను. గ్యాసు పెట్టిచ్చుకుందామని ఉండాను. మీరేమంటారు?"

"ఏ గ్యాసురా?"

"అదే సార్, ఇంట్లో గ్యాసు. రెండు సిలిండర్లు ఉండాయి. ఒకటి ఊరికే పడుండాది."

అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి అతనికి చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. గ్యాసుతో జీపు నడుస్తుందా అంటే నిక్షేపంగా నడుస్తుంది. నడుస్తుంది కాబట్టే ఇంత చెప్పాల్సి వస్తోంది.

కారు టాంకులోనే దొరికిన గ్యాసు

ఎల్.పి.జి. అంటే ద్రవీకృత పెట్రోలియం వాయువు. ఇందులో ముఖ్యమైనవి రెండు హైడ్రోకార్బన్లు: ప్రొపేన్, బ్యూటేన్. ఇంధనంగా వీటి కథ ఒక కారుతోనే మొదలైంది. 1910లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక కారు యజమాని, తాను కొన్న పెట్రోలు ఇంటికి చేరేలోగా కొంత ఆవిరైపోతోందని ఫిర్యాదు చేశాడు. వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయనశాస్త్రవేత్త ఆ పెట్రోలును పరీక్షించి, అందులోంచి తప్పించుకుపోతున్నవి ప్రొపేన్, బ్యూటేన్ వంటి వాయువులని తేల్చాడు. పెట్రోలులో ఉండలేక పారిపోయిన వాయువులే తర్వాత వంటింటికి చేరాయి. మన దేశంలో 1955లో బొంబాయిలో బర్మాషెల్ వారు వీటిని సిలిండర్లలో అమ్మడం మొదలుపెట్టారు. 1965లో ఇండేన్ వచ్చింది. 1999లో దీపం పథకం ద్వారా మన రాష్ట్రంలో ఎందరో పల్లెటూరి తల్లులకు మొదటిసారి గ్యాసుపొయ్యి అందింది.

ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది. కాబట్టి మన వాతావరణంలో ఇవి రెండూ వాయువులే. పీడనం పెంచితే మాత్రం ద్రవంగా మారతాయి. అలా మారినప్పుడు సుమారు 250 లీటర్ల వాయువు ఒక్క లీటరు ద్రవంలో ఒదిగిపోతుంది. సిలిండరును ఊపితే లోపల గలగలలాడేది ఆ ద్రవమే. ఆ 250 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఇంజనుకు గ్యాసు నచ్చుతుందా?

నచ్చుతుంది. గ్యాసు గాలితో చక్కగా కలిసి శుభ్రంగా మండుతుంది. ప్లగ్గుల మీద మసి తక్కువ. ఇంజను ఆయిలు త్వరగా నల్లబడదు. గ్యాసు ఆక్టేన్ సంఖ్య మామూలు పెట్రోలుకంటే ఎక్కువ, 100 దాటుతుంది, అంటే ఇంజను 'కటకట' కొట్టడం తగ్గుతుంది. ఒకే వేడికి విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ కూడా పెట్రోలుకంటే ఇంచుమించు పదోవంతు తక్కువ. ఇటలీ, టర్కీ, కొరియా దేశాల్లో లక్షల కార్లు గ్యాసు మీదే తిరుగుతున్నాయి.

నష్టాలూ ఉన్నాయి. కాగితం తీసుకొని ఈ సమీకరణం రాయండి: ఒక ప్రొపేన్ అణువు మండడానికి 5 ఆక్సిజన్ అణువులు కావాలి. గాలిలో ఆక్సిజన్ ఐదోవంతే కాబట్టి ఒక లీటరు ప్రొపేన్‌కు సుమారు 25 లీటర్ల గాలి కావాలి. అంటే ఇంజను పీల్చే ప్రతి 26 లీటర్లలో ఒక లీటరు చోటు గ్యాసే ఆక్రమిస్తుంది. ఆ మేరకు గాలి తగ్గుతుంది, బలమూ కొంచెం తగ్గుతుంది. బరువుతో గుట్ట ఎక్కేటప్పుడు డ్రైవరుకు ఆ తేడా తెలుస్తుంది. పాత ఇంజన్లకు మరో ఇబ్బంది ఉంది. సీసం కలిసిన పెట్రోలు కోసం తయారైన వాటి వాల్వు సీట్లు పొడిగా మండే గ్యాసు వేడికి త్వరగా అరుగుతాయి.

ఇవేవీ పెద్ద అడ్డంకులు కావు. అసలు చిక్కు ఇంజనులో లేదు. గ్యాసును ఇంజను దాకా తీసుకుపోయే దారిలో ఉంది.

పొయ్యికి చాలింది జీపుకు చాలదు

వేసవిలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ పైకి చెమ్మగా వచ్చిన నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలోని నీటి నుంచే తీసుకుంటుంది. దాన్నే గుప్తోష్ణం అంటాం. సిలిండరులోని ద్రవం గ్యాసుగా మారేటప్పుడూ ఇదే జరుగుతుంది. పొయ్యికి గంటకు కావలసిన గ్యాసు కొంచెమే కాబట్టి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి అందిస్తుంది. నలభై కిలోమీటర్ల వేగంతో పోయే జీపుకు గంటకు రెండున్నర కిలోలకు పైగా గ్యాసు కావాలి. అంత వేగంగా ఆవిరైతే సిలిండరు చల్లబడిపోతుంది, కొన్నిసార్లు బయట మంచు కూడా పడుతుంది. పీడనం పడిపోతుంది. ఇంజను ఎగశ్వాస పెడుతుంది.

దీనికి ఇంజనీర్లు చేసిన ఉపాయం చక్కనిది. వాహనాల గ్యాసు టాంకులో అడుగు నుంచి ద్రవాన్నే తీసుకుంటారు. ఆ ద్రవం ఇంజను దగ్గర ఉండే 'రెడ్యూసర్' అనే పరికరంలోకి వస్తుంది. రేడియేటరుకు పోయే వేడినీళ్లు దాని చుట్టూ తిరుగుతుంటాయి. ఇంజను వృథాగా పారబోసే వేడినే గుప్తోష్ణంగా వాడుకొని ద్రవం అక్కడ వాయువుగా మారుతుంది. అందుకే ఇలాంటి బండిని పెట్రోలుతో స్టార్టు చేసి, నీళ్లు వేడెక్కాక గ్యాసుకు మారుస్తారు.

వంటింటి సిలిండరు దీనికి పూర్తిగా వేరు. దాన్ని నిలబెట్టి వాడాలి. పైభాగంలో చేరిన వాయువే బయటికి రావాలి. అడ్డంగా పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవం వస్తుంది. వాయువు కోసం తయారైన రెగ్యులేటరులోకీ, రబ్బరు గొట్టంలోకీ ద్రవం జొరబడితే ఏమవుతుంది? ఇందాకటి 250ని గుర్తు తెచ్చుకోండి. బయటికి వచ్చిన ప్రతి లీటరూ 250 లీటర్ల వాయువవుతుంది. గాలిలో రెండు శాతం గ్యాసు ఉంటే చాలు, అంటుకుంటుంది. అంటే ఒక్క లీటరు ద్రవం 12,500 లీటర్ల గాలిని, ఒక చిన్న గదిలో పట్టేటంత గాలిని, మండే మిశ్రమంగా మార్చగలదు. పైగా ప్రొపేన్ అణుభారం 44, బ్యూటేన్‌ది 58, గాలిది సగటున 29. గాలికంటే బరువైన ఈ గ్యాసు పైకి ఎగిరిపోదు. బండి అడుగున, మెకానిక్ గుంతలో, సైడుకాలువలో నీళ్లలా నిలుస్తుంది. ఒక అగ్గిపుల్ల కోసమో, ఒక స్విచ్చి మెరుపు కోసమో ఎదురు చూస్తుంది.

ఎనభై శాతం ఎందుకు?

ఒక పనిని కొందరు ఇంకా తెలివైనదనుకుంటారు. బండికి గ్యాసు టాంకే పెట్టించుకుంటారు, కాని బంకుకు పోకుండా వంటింటి సిలిండరును తలకిందులు చేసి, గొట్టం కలిపి, అందులోంచి టాంకులోకి ఒంపుకుంటారు. టాంకు సరైనదే కదా, భయమెందుకు అంటారు.

వాహనాల టాంకును ఎప్పుడూ ఎనభై శాతం మించి నింపకూడదు. అది దాటకుండా ఆపే తేలుడు వాల్వు టాంకులోనే ఉంటుంది. ఎందుకంటే ఈ ద్రవం వేడికి నీటికంటే ఇంచుమించు పదింతలు వ్యాకోచిస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే రెండు మూడు శాతం ఉబ్బుతుంది. మా అనంతపురం ఎండ మీకు తెలియనిదేముంది! తెల్లవారుజామున ఇరవై డిగ్రీల చల్లదనంలో నింపిన టాంకు, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన జీపు ఇనుము కింద అరవై దాకా వేడెక్కవచ్చు. నలభై డిగ్రీలకు ఎనిమిది నుంచి పన్నెండు శాతం. ఎనభై శాతం నింపి ఉంటే ఆ ఉబ్బుకు చోటుంది. గొంతు దాకా నింపి ఉంటే లేదు. ద్రవాన్ని అణచలేం, కాబట్టి అది ఇనుమును నెడుతుంది. నాసిరకం టాంకులో ఆ వాల్వు పనిచేయకపోతే, ఎంత నిండిందో తూచేవాడూ చూసేవాడూ లేకపోతే, ఆ ఎనభై అంకెను ఎవరు కాపాడతారు?

ఇక్కడ నాకు కష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా బడిలోనే చదివిన మరో అబ్బాయి ఒక షెడ్డులో ఇలా గ్యాసు ఒంపే పనికి కుదిరాడు. ఒకరోజు గొట్టం జారింది. షెడ్డు తలుపు సగం మూసి ఉంది. మూలన ఏదో మోటారు తిరుగుతోంది. అబ్బాయి బతికాడు. రెండు చేతులూ, మెడ ఒకవైపూ కాలాయి. చూడటానికి ఆస్పత్రికి పోతే నన్ను చూసి, "సార్, వాసనొచ్చింది. కాని అలవాటైన వాసనే కదా అనుకున్నా" అన్నాడు.

గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. మనల్ని హెచ్చరించడానికే మెర్కాప్టన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు. ఆ సంగతి ఆ అబ్బాయికి పాఠంలో నేనే చెప్పాను. మరుగు స్థానమూ, వ్యాకోచమూ, అణుభారమూ కూడా నేనే చెప్పాను. పరీక్షలో అతను వాటికి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అయినా ఆ పాఠం బోర్డు దాటి షెడ్డు దాకా పోలేదు. ఆ తప్పులో నా వంతు ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ఇక లెక్క చూద్దాం

"అయితే సార్, పద్ధతి ప్రకారం కిట్టు పెట్టిస్తే?" అని జీపు యజమాని అడిగాడు. మంచి ప్రశ్న. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి వాహనాల్లో గ్యాసు వాడకానికి అనుమతి ఇచ్చారు. 2001లో దానికి నియమాల ఉత్తర్వు వచ్చింది. ఆమోదం పొందిన కిట్టు, పరీక్షించి ముద్ర వేసిన టాంకు, అనుమతి ఉన్న వర్క్‌షాపు ఉండాలి. రవాణా అధికారి ఆర్.సి. పుస్తకంలో మార్పు నమోదు చేయాలి. గ్యాసు వాహనాల బంకులోనే పోయించుకోవాలి. ఇలా చేయించుకుంటే భయపడవలసింది లేదు. గుట్టదారుల్లో తిరిగే జీపుకు మాత్రం ఒక జాగ్రత్త ఉంది: టాంకు ఇరుసుకంటే కిందికి వేలాడకూడదు, కుదుపులకు వదులయ్యే జాయింట్లను తరచు తనిఖీ చేయించాలి.

మిగిలింది డబ్బు లెక్క. ఒక లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు గ్యాసులో 25 మాత్రమే. కాబట్టి పెట్రోలు మీద లీటరుకు పది కిలోమీటర్లు పోయే జీపు గ్యాసు మీద ఎనిమిదే పోతుంది. లీటరు ధరలను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు పొరబడేది ఇక్కడే. కిలోమీటరుకు ఎంతో చూడాలి. ఉదాహరణకు పెట్రోలు 100 రూపాయలు, గ్యాసు 64 రూపాయలు అనుకుందాం. (మీ ఊళ్లో ఇవాళ్టి ధరలు వేసి మళ్లీ చేయండి.) పెట్రోలుతో కిలోమీటరుకు 10 రూపాయలు, గ్యాసుతో 8. మిగులు 2 రూపాయలు. కిట్టుకు 40,000 ఖర్చయిందనుకుంటే, 20,000 కిలోమీటర్లు తిరిగాక గాని ఆ సొమ్ము తిరిగి రాదు. రోజంతా తిరిగే పట్నం టాక్సీకి అది కొద్ది నెలల పని. రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగే సేద్యం జీపుకు మూడేళ్లు.

ఇంకొకటి. గ్యాసు బంకు ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. యాభై లీటర్ల టాంకులో ఎనభై శాతం, అంటే నలభై లీటర్లు పడుతుంది. దానితో 320 కిలోమీటర్లు. అందులో బంకుకు పోయిరావడానికే 120 పోతాయి. తోట పనికి మిగిలేది 200.

ఈ లెక్క చేతికొచ్చాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే సార్, అందరూ ఇంటి సిలిండరే పెట్టేది" అన్నాడు. నిజమే. తప్పు ఎక్కడ పుడుతోందో ఆ మాటలో ఉంది. వాన లేని ఊళ్లో రూపాయి విలువ నాకూ తెలుసు. వాళ్లందరూ దొంగలని నేను అనను. వాహనాల గ్యాసు వాడమని చెప్పే ప్రభుత్వం ఆ బంకులు పట్నాలకే పరిమితం కాకుండా పల్లెలకు దగ్గరగా పెట్టించాలి. అది అడగడం మన హక్కు.

కాని ఆ లోగా వంటింటి సిలిండరు వాడుకోవడం సబబా? దానిలో ఉండేది 14.2 కిలోల గ్యాసు. శక్తి లెక్కన ఇరవై లీటర్ల పెట్రోలుతో సమానం. జీపును 200 కిలోమీటర్లు నడుపుతుంది. అదే సిలిండరు నలుగురున్న ఇంటికి ఒక నెలకు పైగా అన్నం వండుతుంది. మన దేశం వాడే గ్యాసులో సగానికి పైగా బయటి దేశాల నుంచి కొని తెచ్చుకుంటున్నదే. తల్లులు కట్టెల పొగ పీల్చకూడదని 2017లో వంటగ్యాసు మీద పన్ను 5 శాతమే వేసి, వ్యాపారానికి వాడే గ్యాసు మీద 18 శాతం వేశారు. ఆ తేడా వంటింటికి ఇచ్చిన కానుక. దాన్ని జీపులో పోసుకుంటే అది చట్టరీత్యా నేరం మాత్రమే కాదు, మరో ఇంటి పొయ్యి మీద చెయ్యి వేయడం.

పెద్దలు నేర్పిన నీతి

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరువైనప్పుడు మన వైపు బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ములో బొగ్గు మండించి, తగినంత గాలి ఇవ్వకుండా కార్బన్ మోనాక్సైడ్ తయారుచేసి ఇంజనుకు పంపేవారు. పొద్దున్నే క్లీనరు చేతులు నొప్పి పుట్టేలా పంకా తిప్పేవాడు. ఎత్తు రాగానే ప్రయాణికులు దిగి తోసేవారు. ఈ కథలు మా తాతల దగ్గర విన్నాను. గమనించండి, వాళ్లు ఇంధనం ఒక్కటే మార్చి ఊరుకోలేదు. దానికి తగిన కొలిమి, వడపోత, గొట్టాలు అన్నీ అమర్చుకున్నారు.

ఇంధనం మారితే దాని వెంట సరంజామా అంతా మారాలి. నా అభిప్రాయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

"ఎంతోమంది ఏళ్ల తరబడి ఇలాగే తిప్పుతున్నారు, వాళ్లకేం కాలేదే?" అని మీతో ఎవరైనా వాదిస్తారు. పాము ఉన్న పుట్టలో తొంభైతొమ్మిది సార్లు చెయ్యి పెట్టి బాగున్నవాడు, పాము లేదని రుజువు చేసినట్టా? నూరోసారి ఆ సీటు మీద కూర్చుని ఉండేది మీరు కావచ్చు.

కాబట్టి నా మొదటి ప్రశ్నకు జవాబు ఇది. సీటు కింద ఎర్ర సిలిండరు కనిపిస్తే ఆ బండి ఎక్కకండి. ఎక్కాక కనిపించినా, కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన తగిలినా, బండి ఆపించి దిగి, గాలి వచ్చే వైపు దూరంగా నిలబడండి. ఆ చుట్టుపక్కల ఎవరినీ అగ్గిపుల్ల గీయనివ్వకండి. ఇంట్లో చెప్పండి, మీ ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. డ్రైవరన్నతో పోట్లాడవద్దు. ఈ లెక్కలు కాగితం మీద వేసి ఆయనకు చూపించండి. ఆయనకూ ఇంటి దగ్గర మీ ఈడు పిల్లలుంటారు.

మా వాడు కిట్టు పెట్టించలేదు. పక్క తోటల వాళ్లతో మాట్లాడుకొని వారానికి రెండు రోజులు అందరి సామానూ ఒకే ట్రిప్పులో తెస్తున్నాడు. పెట్రోలు ఖర్చు పంచుకుంటున్నారు. ఊరికే పడి ఉన్న ఆ రెండో సిలిండరు మళ్లీ వంటింట్లోకి పోయింది.

చేతులు కాలిన అబ్బాయి ఇప్పుడు మా ఊళ్లో చిన్న అంగడి నడుపుతున్నాడు. ఈ పాఠం వచ్చినప్పుడల్లా అతన్ని బడికి పిలుస్తాను. అతను ఎక్కువ మాట్లాడడు. చొక్కా చేతులు పైకి మడిచి, "వాసనొస్తే ఆగద్దండి, బయటికి రాండి" అంటాడు. ఆ రోజు పాఠం నేను బోర్డు మీద రాయవలసిన పని ఉండదు.